బుధవారం కుక్క

బుధవారం వస్తుందంటే ఎల్రాయ్ టాలెఫ్సన్‌కు మంగళవారం నుంచే ఒళ్ళు మండేది. బుధవారం మధ్యాహ్నం భోజనాల బల్లలు తుడిచేశాక హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసేవాళ్ళు. నడవగలిగిన ముసలివాళ్ళను నడిపించి, నడవలేనివాళ్ళను చక్రాల కుర్చీల్లో తోసుకొచ్చి, అందరినీ ఆ గుండ్రంలో సర్దేవాళ్ళు. అప్పుడు సెరినిటీ దయచేసేది.

సెరినిటీ ఒక కుక్క. ఆ పేరుకు ప్రశాంతత అని అర్థం. బంగారు రంగు రిట్రీవర్. ఒంటిమీద నీలం కోటు, కోటు నిండా కుట్టిన బిళ్ళలు, మెడలో ఫొటోతో సహా గుర్తింపు కార్డు. అది మామూలు కుక్క కాదు, పరీక్షకు కూర్చుని పాసైన థెరపీ కుక్క. దాన్ని నిమిరితే రక్తపోటు తగ్గుతుందనీ, దిగులు పోతుందనీ, ఒంటరితనం ఊడ్చిపెట్టుకుపోతుందనీ హాలు గోడ మీద పెద్ద పోస్టరు ఉంది. ఆ పోస్టరు కిందే ఇంకో బోర్డు ఉంది. పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు, అని. రెండూ ఒకే మేకుకు వేలాడేవి. ఆ మేకు కొట్టినవాడికి గానీ, కొట్టించినవాళ్ళకు గానీ అందులో నవ్వొచ్చే సంగతి ఏమీ కనబడలేదు.

ఎల్రాయ్‌కు కనబడింది. అయినా నవ్వు రాలేదు. ఆ రెండో బోర్డు చూసి గుమ్మం బయట ఆగిపోయింది ఆయన కుక్కే.

ఎల్రాయ్ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పాడి రైతు. తుంటి ఎముక విరిగేదాకా చీకటితో లేచి పాలు పితికిన మనిషి. ఎముక విరిగాక ఆవులు అమ్ముడుపోయాయి, కొట్టం పోయింది, ఆయన ఇక్కడికి వచ్చి పడ్డాడు. దీన్ని వృద్ధాశ్రమం అనకూడదట, కమ్యూనిటీ అనాలట. ఆవులు పోయినందుకు ఆయన పెద్దగా కుమిలిపోలేదు. ఎవరు మేత వేస్తే వాళ్ళ వెంట పోతాయి అవి. జడ్జి అలా కాదు. జడ్జి ఆయన పశువుల కుక్క. నల్లటి ఒళ్ళు, మెడ కింద తెల్లటి పట్టీ, ఎవరు ఏం చెప్పినా నమ్మనట్టు చూసే చూపు, అందుకని ఆ పేరు. భార్య ఐలీన్ పోయిన శీతాకాలంలో, ఇరుగుపొరుగు తెచ్చి పెట్టిన వంటలన్నీ గిన్నెల్లోనే పాడైపోతుంటే, దుప్పటి లాగి, మడమ పట్టి పీకి, ఆయన్ను మంచం మీంచి కొట్టంలోకి తోలుకెళ్ళింది జడ్జే. అప్పుడు దాని ఒంటిమీద ఏ కోటూ లేదు. ఎవరూ దాన్ని థెరపీ అనలేదు.

"ఎల్రాయ్ గారూ, ఇవాళ మన మనసు ఎలా ఉంది?" అని అడిగేది కెండ్రా ప్రతి బుధవారం.

కెండ్రా అక్కడ వెల్‌నెస్ డైరెక్టర్. నిరుడు దాకా ఒక జిమ్‌లో సభ్యత్వాలు అమ్మేది. ఇప్పుడు ప్రశాంతత పంచుతోంది. మాటల్లో తేడా లేదు, గొంతు మాత్రం కాస్త తగ్గించింది.

"నీ మనసు ఎలా ఉందో నాకేం తెలుసమ్మా. నా మనసు నా కుక్క కావాలంటోంది."

"సెరినిటీ ఉందిగా!"

"అది నీ కుక్కా నా కుక్కా?"

"అది మనందరిదీ."

"మనందరిదీ అంటే ఎవరిదీ కాదని. మా ఊళ్ళో రోడ్డు కూడా మనందరిదే. దాన్ని ఎవడూ కౌగిలించుకోడు."

కెండ్రాకు ఎల్రాయ్ మొండి కేసు. అందరూ కుక్కను నిమిరాక నవ్వు మొహాలు పెడుతుంటే ఈయనొక్కడు మూతి ముడుచుకుని కూర్చునేవాడు. కుక్క పడటం లేదేమోనని కుందేలును తెచ్చింది. కుందేలు ఆయన ఒళ్ళో పని కానిచ్చి పోయింది. ఆ తర్వాత కాళ్ళకు బూట్లు తొడిగిన పొట్టి గుర్రం వచ్చింది. ఎల్రాయ్ దాని గిట్టలు పైకెత్తి చూసి, "దీనికి సరిగ్గా లాడాలు వేసేవాడు లేడా?" అని యజమానిని నలుగురిలో కడిగేశాడు. చివరికి బ్యాటరీ పిల్లిని తెచ్చి ఒళ్ళో పెట్టింది. తల నిమిరితే గురగురమంటుంది, తిండి అక్కర్లేదు, చావు లేదు. మూడు రోజులు దాన్ని చూస్తూ కూర్చుని, నాలుగో రోజు బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో వేసుకున్నాడు. జంతువులతో ఆయనకు జరిగిన మేలు అక్కడ అదొక్కటే.

అక్టోబరులో ఒక శనివారం కూతురు లోర్నా వచ్చింది. జడ్జి ఆమె, ఆమె భర్త క్రెయిగ్ ఉండే ఇంట్లోనే, అంటే కారు షెడ్డులో ఉంటోంది. లోర్నా కోటు విప్పకుండానే కూర్చుంది.

"నాన్నా, క్రెయిగ్ ఇంక వల్ల కాదంటున్నాడు. కొత్త తివాచీ వేయించాం. వెంట్రుకలు. పైగా ఆ వాసన."

"అది కుక్క వాసనే. క్రెయిగ్ పూసుకునే సెంటు కంటే నయం."

"నాన్నా, ప్లీజ్. నెలాఖరుకు షెల్టర్‌కి ఇచ్చేద్దామంటున్నాడు."

ముసలి కుక్కను, సగం చెవుడున్న కుక్కను, షెల్టర్ నుంచి ఎవరు తీసుకెళ్తారు? ఎవరూ తీసుకెళ్ళని కుక్కకు అక్కడ సూది వేసి చంపుతారని ఎల్రాయ్‌కు తెలుసు. లోర్నాకూ తెలుసు, అందుకే కోటు గుండీలు తడుముకుంటూ కూర్చుంది.

"ఆ సెరినిటీని క్రెయిగ్ ఎప్పుడైనా చూశాడా?" అని అడిగాడు.

"చూశాడు. తెగ మెచ్చుకున్నాడు. అలాంటిదుంటే ఫొటో తీసి ఆఫీసులో పెట్టుకునేవాణ్ణి అన్నాడు."

ఇన్సూరెన్స్ అమ్మే అల్లుడికి మంచితనం ఫొటోల్లో ఉంటే చాలు. ఎల్రాయ్ ఆ క్షణంలో నిశ్చయించుకున్నాడు. జడ్జికి ఆ నీలం కోటు తొడిగించాలి. కోటు ఉంటే క్రెయిగ్ తివాచీ మీద చోటు దొరుకుతుంది. కోటు ఉంటే ఇక్కడి గుమ్మం తెరుచుకుంటుంది. లేదంటే నెలాఖరు.

"నాన్నా, ఇక్కడ ఉండేవాళ్ళ సొంత కుక్క పరీక్షకు పనికిరాదు. ఒకళ్ళ మీదే మమకారం ఉంటే తీసుకోరు. నేను అడిగాను."

"మరి నా కుక్క అని ఎవరు చెప్పారు? నీ కుక్క. నువ్వే పట్టుకొస్తున్నావు. నేనెవరో దానికి తెలియదు."

"దానికి తెలుసు కదా!"

"అది కుక్కమ్మా. నోరు జారదు."

పరీక్ష పెట్టింది సెరినిటీ యజమానురాలు బెవ్. రిటైరయిన హెడ్‌మిస్ట్రెస్. మెడలో విజిల్, చంకలో పరీక్ష పట్టిక, చూపులో ఇంకా ప్రార్థన సమావేశం. ఎల్రాయ్ ఆవిడను టీచరమ్మ అనేవాడు. ఆవిడకు అది గౌరవమో వెటకారమో తేలక, తలూపి ఊరుకునేది. పరీక్ష ఆ హాల్లోనే, ఆ గుండ్రం మధ్యలోనే జరిగింది. ముసలివాళ్ళంతా ఉండాలి, ఎందుకంటే ముసలివాళ్ళ మధ్య కుక్క ఎలా మసలుతుందో చూడాలి. ఎల్రాయ్ కిటికీ పక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. లోర్నా జడ్జిని పట్టుకుని లోపలికి వచ్చింది. స్నానం చేయించి దువ్విన జడ్జి, పెళ్ళికి బలవంతాన తీసుకొచ్చిన చుట్టంలా ఉంది.

"ముందుగా శబ్దం," అని బెవ్ వెనక నుంచి ఒక స్టీలు ట్రేను నేల మీద పడేసింది.

ఇద్దరు ముసలమ్మలు కెవ్వున అరిచారు. జడ్జి తోక కూడా కదపలేదు. ట్రే పడిన వైపు చెవి దానికి ఎప్పుడో పోయింది.

"ఎంత నిబ్బరం!" అని బెవ్ టిక్కు పెట్టింది.

తర్వాత నేల మీద ఒక పళ్ళెంలో చీజ్ ముక్కలు పెట్టారు. కుక్క వాటిని ముట్టుకోకుండా దాటాలి. సెరినిటీ దీనికి ఆరు వారాలు తర్ఫీదు తీసుకుందట. జడ్జి పుట్టిందే పాలకొట్టంలో. చీజ్ దానికి గడ్డితో సమానం. వాసన చూసి, మొహం తిప్పుకుని, పక్కనుంచి పోయింది.

"అబ్బ, ఏం సంయమనం!"

లోర్నా "కూర్చో" అంది. జడ్జికి వినబడలేదు. అది తల తిప్పి కిటికీ వైపు చూసింది. ఎల్రాయ్ మోచేతి మీదున్న చూపుడు వేలు కిందికి వంచాడు. జడ్జి కూర్చుంది. "పడుకో" అంది లోర్నా. వేలు ఇంకాస్త వంగింది. జడ్జి పడుకుంది. గొంతు పెంచకుండా కుక్కను ఇంత చక్కగా నడిపించే మనిషిని తాను చూడలేదని బెవ్ లోర్నాను మెచ్చుకుంది. లోర్నా చిన్నప్పటి నుంచి తండ్రి దగ్గర అలాంటి మెప్పు ఎరగదు. సిగ్గుతో మొహం ఎర్రబడింది, అదీ వినయం కింద జమ అయింది.

ఆఖరి అంశం మిగిలింది. కుక్క గుండ్రంలో ఒక్కొక్కరి దగ్గర ఆగి, నిమిరించుకుని, పొమ్మన్నప్పుడు పోవాలి. ఎవరి దగ్గరా పాతుకుపోకూడదు. మమకారం పెంచుకోకపోవడమే థెరపీ కుక్కకు పెద్ద యోగ్యత అని బెవ్ అందరికీ వివరించి చెప్పింది. మనుషులకు ప్రేమ పంచడానికి వచ్చే జంతువుకు ఎవరి మీదా ప్రేమ ఉండకూడదన్న మాట. విన్నవాళ్ళంతా తలలూపారు.

జడ్జి ఇద్దరి దగ్గర ఆగింది. మూడో కుర్చీ ఎల్రాయ్‌ది. వచ్చింది, ఆయన రెండు పాదాల మీదా అడ్డంగా కూలబడింది, గడ్డం బూటు మీద పెట్టింది.

నాలుగు నెలలయింది ఆయన దాన్ని ముట్టుకుని. చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోబోయింది. కట్టుకున్న చేతులు విప్పలేదు ఎల్రాయ్.

"మంచి కుక్క," అన్నాడు, దారిన పోయేవాడు అన్నట్టు.

"ఇంక పోదాం పద," అని లోర్నా పట్టెడ లాగింది. జడ్జి కదల్లేదు. బెవ్ పెన్ను పట్టిక మీద ఆగింది. లోర్నా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని తండ్రి వైపు చూసింది.

ఎల్రాయ్ కళ్ళు కిందికి దించి, ఒక చెయ్యి విప్పి తొడ పక్కగా దూరంగా ఊపాడు. కొట్టంలో అది పశువులను తోలుకురమ్మని చెప్పే సైగ. జడ్జి తలెత్తి ఆయన్ను చూసింది. నిజంగానా, అన్నట్టు చూసింది. ఆయన మళ్ళీ ఊపాడు. అది లేచింది. గుండ్రం వెనకగా ఒక చుట్టు తిరిగి, ఒక్కొక్క కుర్చీ దగ్గరా ఆగి, ఎవరూ తప్పిపోలేదని చూసుకుని, చక్రాల కుర్చీ కాస్త వెనక్కి జరిగి ఉన్న ఆర్డిస్ అనే ముసలమ్మను మూతితో నెట్టి వరసలో పెట్టింది.

"అందరినీ సమానంగా చూసింది!" అని బెవ్ పరవశించిపోయింది. "ఒకచోట కూలబడ్డా, పొమ్మనగానే లేచింది. ఆ తర్వాత ఎవరి దగ్గరా ఒక్క క్షణం ఎక్కువ లేదు, తక్కువ లేదు. నా సర్వీసులో ఇలాంటి కుక్కను చూడలేదు."

జడ్జి పాసైంది. ఎల్రాయ్ గదికి పోయి తలుపు వేసుకుని ఏడ్చాడు. సంతోషానికేనని తనకు తాను చెప్పుకున్నాడు.

క్రెయిగ్ నిజంగానే ఫొటో తీసి ఆఫీసులో పెట్టుకున్నాడు. జడ్జి కారు షెడ్డు నుంచి తివాచీ మీదికి వచ్చింది. ఆ తర్వాతి బుధవారం సెరినిటీకి సెలవిచ్చి, నీలం కోటు తొడుక్కుని జడ్జి వచ్చింది. కొత్త కుక్కకు మొదటి రోజు గనక బెవ్ కూడా పక్కన ఉంది. ఎల్రాయ్ ఉదయమే గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని కూర్చున్నాడు. కుర్చీల వరస ఆ రోజు తిరగబడింది. ఆయన వంతు ఆఖరుకు వచ్చింది.

అందరూ నిమిరారు. ఒకావిడ చెవిలో మనవరాలి సంగతులన్నీ చెప్పుకుంది, అదీ చెవుడున్న చెవిలో. ఒకాయన దాని తోక వదల్లేదు. చివరికి జడ్జి కిటికీ పక్కకు వచ్చింది. ఎల్రాయ్ పాదాల మీద పడుకుని, గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి, వెంటనే నిద్రపోయింది.

"అయ్యో, చూశారా," అంది బెవ్ గడియారం చూసుకుంటూ. "ఒత్తిడి లక్షణం. కుక్క అలిసిపోయింది. నిబంధన ప్రకారం ఇక్కడితో ఆపేయాలి. కుక్క క్షేమం మనకు ముఖ్యం."

"అలిసిపోలేదు టీచరమ్మా. పడుకోనివ్వండి."

"వచ్చే వారం మీతోనే మొదలుపెడదాం ఎల్రాయ్ గారూ. లేపమ్మా లోర్నా."

"అలిసిపోలేదంటుంటే వినబడదా!" ఆయన గొంతు హాలంతా మోగింది. "అది అలాగే పడుకుంటుంది. పదమూడేళ్ళు నా కాళ్ళ మీదే పడుకుంది. నాకు తెలియదా అది ఎప్పుడు అలిసిపోతుందో! నా కుక్క అది. నా కుక్క!"

లోర్నా చేతుల్లో మొహం దాచుకుంది. అనేశాక గానీ ఎల్రాయ్‌కు తానేం అన్నాడో తెలియలేదు.

కెండ్రా గుండె మీద చెయ్యి పెట్టుకుని ముందుకు వచ్చింది. "ఎల్రాయ్ గారూ, ఇన్నాళ్ళకు మనసు విప్పారు. ఎంత పెద్ద అడుగు వేశారో తెలుసా?" అని ఆయన భుజం నిమిరింది. తర్వాత లోర్నా వైపు తిరిగి, అదే మెత్తటి గొంతుతో, "ఈ కుక్క నిజంగా ఈయనదేనా? అయితే మీరు మాకు అబద్ధం చెప్పారన్నమాట. సర్టిఫికెట్ రద్దు చేయాల్సి ఉంటుందమ్మా," అంది. మళ్ళీ ఎల్రాయ్ వైపు తిరిగి, "ఈ బాధ నుంచి మీరు తేరుకోవడానికి సెరినిటీని వారానికి రెండుసార్లు పిలిపిస్తాను," అంది.

"టీచరమ్మా," అన్నాడు ఎల్రాయ్ బెవ్‌తో, కెండ్రా ముఖం కూడా చూడకుండా. "మీ కుక్క ఇంతమంది చేత నిమిరించుకుంటుంది కదా. గడియారం చూసేవాళ్ళు లేకుండా అది ఎవరి కాళ్ళ మీదైనా పడుకోవడం మీరు ఎప్పుడైనా చూశారా?"

బెవ్ వంగి, జడ్జి ఒంటిమీది కోటు ఊడదీసింది. అది కూడా నిబంధనే.

ఆదివారం క్రెయిగ్ షెల్టర్‌కు తీసుకెళ్తాడని లోర్నా ఫోనులో ఏడుస్తూ చెప్పింది. ఎల్రాయ్ కూతుర్ని ఒక్క మాట అనలేదు. ఆయనకు తన నోటి మీదే అసహ్యం వేసింది. ఇంకో వారం ఆగితే తన వంతు ముందుకు వచ్చేది. ఆగలేకపోయాడు. పదమూడేళ్ళు ఆయన చెప్పిన మాట విన్న కుక్కకు, తాను నోరు మూసుకోవడమనే ఒక్క ఉపకారం చేయలేకపోయాడు.

గురువారం భోజనం ముట్టకుండా, వాకర్ తోసుకుంటూ బయటికి పోయాడు. కార్లు నిలిపే చోటు దాటాక, కంచెకు అవతల, రేకుల పైకప్పుతో ఒక చిన్న షెడ్డు ఉంది. పొగతాగేవాళ్ళ కోసం. తలుపు దగ్గర తాగకూడదని చట్టం వాళ్ళను తరిమి తరిమి అక్కడికి చేర్చింది. అందులో బెవ్ కూర్చుని సిగరెట్ తాగుతోంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎవరికీ చెప్పకండి," అంది బెవ్.

"నాకు రహస్యాలు దాయడం రాదని నిన్న చూశారుగా."

ఆవిడ నవ్వబోయి దగ్గింది. "ముప్ఫై ఏళ్ళుగా తాగుతున్నా. బళ్ళో పిల్లలను ఇందుకే సస్పెండ్ చేసేదాన్ని." ఇంకో దమ్ము లాగి, "నిన్న ఇంటికెళ్ళాక గడియారం తీసి పక్కన పెట్టి కూర్చున్నాను," అంది. "సెరినిటీ నా దగ్గరికి రాలేదు. మంచం కిందకు పోయి పడుకుంది. నేను పిలిచాను. వచ్చి, మర్యాదగా మూడు నిమిషాలు కూర్చుని, మళ్ళీ మంచం కిందకు పోయింది."

ఎల్రాయ్‌కు ఆవిడ మీద జాలి కలిగింది. అది ఆయనకే నచ్చలేదు.

"ఎల్రాయ్ గారూ, ఇక్కడి నిబంధనల పుస్తకం నేను మొత్తం చదివాను. జంతువులు భవనంలోకీ, కంచె లోపలికీ రాకూడదని ఉంది. ఈ షెడ్డు కంచె బయట ఉంది."

"ఉంటే?"

"పొగతాగే వాళ్ళను రోజుకు మూడుసార్లు, భోజనం కాగానే ఇక్కడికి తీసుకురావాలని కూడా ఉంది. అది మీ హక్కు. ఎవరూ కాదనలేరు." ఆవిడ బూడిద దులిపింది. "మా ఇంట్లో తివాచీ లేదు. మీ అమ్మాయికి ఫోను చేయండి, జడ్జిని నేను తీసుకెళ్తాను. మీరు మాత్రం సిగరెట్ మొదలుపెట్టాలి."

అలా ఎనభై మూడో ఏట ఎల్రాయ్ టాలెఫ్సన్ పొగతాగేవాడయ్యాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు ప్రతి ఏడూ మెచ్చుకునే మనిషి. సంతకం పెట్టించుకుంటున్న నర్సు, "ఇప్పుడెందుకండీ?" అని అడిగింది. "ఆరోగ్యం కోసం," అన్నాడు.

నవంబరు వచ్చింది, మంచు పడింది. ఎల్రాయ్ తిండి బాగా తింటున్నాడు. నిద్రపోతున్నాడు. నర్సులతో పరాచికాలాడుతున్నాడు. వాకర్ వదిలేసి కర్ర పట్టుకున్నాడు, ఎందుకంటే షెడ్డు దాకా వేగంగా పోవాలి. కెండ్రా ఈ మార్పంతా వారానికి రెండుసార్లు వస్తున్న సెరినిటీ మహిమేనని పైవాళ్ళకు రాసి పంపింది. ఒక్క సిగరెట్ మాత్రం ఆ నివేదికలో ముల్లులా గుచ్చుకుంటోంది. దాన్ని కూడా మాన్పిస్తే తిరుగుండదు. అందుకని ఒక మధ్యాహ్నం పొగ మాన్పించే కరపత్రాలు పట్టుకుని, ఎత్తు మడమల బూట్లతో మంచు తొక్కుకుంటూ షెడ్డుకు వచ్చింది.

ఆమెను దూరం నుంచి చూసి బెవ్ కంగారుపడి తన సిగరెట్‌ను ఎల్రాయ్ రెండో చేతిలో పెట్టేసింది.

"ఎల్రాయ్ గారూ! ఒకేసారి రెండా!" అని కెండ్రా నిర్ఘాంతపోయింది. తర్వాత కింద చూసింది. "ఈ కుక్క?"

"నాది," అంది బెవ్, హెడ్‌మిస్ట్రెస్ గొంతుతో. "కంచె బయట ఉంది. పుస్తకం చూసుకోండి."

పుస్తకం కెండ్రా చదవలేదు. ఎల్రాయ్ ముందు చలికి వణుకుతూ మోకాళ్ళ మీద వంగి, "చూడండి, మీరు ఎంతో మెరుగయ్యారు. ఇదొక్కటీ ఎందుకు? నిజం చెప్పండి, ఇక్కడ కూర్చుని ఈ పొగ పీలిస్తే మీకు ఏమొస్తోంది?" అని అడిగింది.

రెండు సిగరెట్లూ ఎవరూ పీల్చకుండానే కాలిపోతున్నాయి. ఎల్రాయ్ చేతులు ఖాళీ లేక, బూటు అంచుతో జడ్జి వీపు గోకుతున్నాడు.

"మనశ్శాంతి వస్తోందమ్మా," అన్నాడు. "రోజుకు మూడు చాలడం లేదు. నాలుగుకు పెంచమని రాసిపెట్టు."